చార్జింగ్ ఆపుతున్నదెవరు

అతణ్ణి అందరూ మైకు అనేవారు. సభలకీ ఆటల పోటీలకీ మైకుసెట్లు కట్టడం అతని పని. హాలు చివర నిలబడి ఏ స్పీకరులో చిన్న గురక వినిపించినా వేలు పెట్టి చూపించేవాడు. పక్కవాళ్ళకు ఎంత చెవులు రిక్కించినా ఏమీ వినపడేది కాదు.

అలాంటివాడు వ్యాను బోల్తాపడి మంచాన పడ్డాడు. మెడలో గొట్టం, గొట్టానికి శ్వాస యంత్రం. కళ్ళు తెరిచే ఉండేవి గాని ఎవరి మీదా నిలిచేవి కావు. డాక్టరు కళ్ళలో లైటు వేసి చూసి, అరికాళ్ళు గీకి చూసి, "ఊపిరి ఉంది, గుండె ఉంది. మనిషి మాత్రం లోపల లేడమ్మా" అని తేల్చేశాడు. కుడిచేతి చూపుడువేలు అప్పుడప్పుడూ అదిరేది. అది నరాల అదురు, పట్టించుకోవద్దన్నాడు.

అతని అక్క లిఫ్టుల కంట్రోలు బోర్డులు బాగుచేస్తుంది. ఆ వీధిలో కరెంటుకు ఓ వేళాపాళా లేదు కాబట్టి తమ్ముడి మంచం కింద పెద్ద బ్యాటరీ పెట్టి, తలవైపు చెక్కకు చార్జర్ బోర్డు బిగించింది. పాత ఇంటి వైరింగు. చార్జింగు జోరుగా నడిస్తే ఫ్యూజు ఎగిరిపోయేది, బ్యాటరీ కూడా వేడెక్కేది. అందుకని అరచేతిలో ఇమిడిపోయే చిన్న కంప్యూటరొకటి తెచ్చి చార్జర్ బోర్డుకు కలిపి, ప్రోగ్రామ్ రాసింది. ఎప్పుడు చార్జింగు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో ఆ కంప్యూటరు చెబుతుంది, బోర్డు వింటుంది. మాడు వాసన వస్తే మరదలు, అంటే తమ్ముడి భార్య, వెంటనే ఆపడానికి వీలుగా ఒక బటన్ కూడా పెట్టి, తమ్ముడి కుడిచేతి పక్కన మంచం పట్టీకి టేపుతో అంటించింది.

వారం తిరక్కుండానే మరదలి నుంచి ఫోను.

"వదినా, చార్జింగు మళ్ళీ ఆగిపోయింది. ఎర్ర లైటు వెలుగుతోంది."

"బటన్ మీద చెయ్యి పడిందేమో చూడమ్మా."

"నేను వంటగదిలో ఉన్నాను. ముట్టుకుంటే ఒట్టు."

అక్క ప్రోగ్రామంతా తిరగరాసింది. టంకాలు మళ్ళీ వేసింది. బటన్ మార్చింది, వైరు మార్చింది. దుప్పటి అంచు తగులుతోందేమోనని దుప్పటినీ అనుమానించింది. ఏం చేసినా అంతే. రోజులో నాలుగైదుసార్లు చార్జింగు ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం మరదలు ఎర్ర లైటు చూసుకోలేదు. అదే సమయానికి కరెంటు పోయింది. బ్యాటరీ ఖాళీ. యంత్రం కూతపెట్టి ఆగిపోయింది. మరదలు గొట్టానికి గాలి సంచి తగిలించి, కరెంటు వచ్చేదాకా చేత్తో నొక్కుతూనే ఉంది. అక్క పరుగున వచ్చేసరికి కరెంటు వచ్చింది గాని, మరదలి చేతులు ఇంకా సంచి నొక్కుతున్నట్టే కదులుతున్నాయి.

ఆమె చేతులు పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది అక్క. "డాక్టరు చెప్పినట్టు యంత్రం తీసేద్దామే. నువ్వు కూడా మంచాన పడతావు. వాడికేం తెలుస్తుంది కనక?"

మరదలు చాలాసేపు ఏడ్చింది. "నావల్ల కావట్లేదు వదినా. మీ ఇష్టం" అంది.

మర్నాడు పొద్దున్నే అక్క మళ్ళీ వచ్చింది. డాక్టరుతో మాట్లాడేదాకా ఇలాంటి గండం ఇంకోటి రాకూడదని, ఆ బటన్ పీకేయడానికి. తమ్ముడి తల దగ్గర స్టూలు మీద కూర్చుని, చిన్న కంప్యూటరుకు తెర తగిలించి చార్జింగు మొదలుపెట్టింది. మరదలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గదిలో ఇంకెవరూ లేరు.

తెర మీద అక్షరాలు మెరిశాయి: బటన్ నొక్కారు. చార్జింగు ఆగింది.

అక్క తిరిగి చూసింది. తమ్ముడి చూపుడువేలు బటన్ మీద ఉంది.

నరాల అదురు, అనుకుంది. చార్జింగు మళ్ళీ మొదలుపెట్టింది. వేలు లేచింది, నొక్కింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ నొక్కింది. చార్జింగు లేనప్పుడు వేలు ఊరికే ఉంది. చార్జింగు మొదలైనప్పుడే కదులుతోంది.

ఆమె లేచి, తమ్ముడి దిండు మీద తన తల ఆనించి, చెయ్యి చాచి చార్జింగు పెట్టింది. అప్పుడు వినిపించింది. బోర్డులోంచి సూదిలాంటి కీచుమనే మోత, సరిగ్గా చెవి పక్కనే. వేడెక్కకుండా ఉండాలని తనే చార్జింగు బాగా తగ్గించి పెట్టింది. తగ్గించినప్పుడే ఆ కూత. కొంచెం పెంచింది. మోత ఆగిపోయింది. వేలు కదల్లేదు.

"ఒరేయ్," అంది. "నా మాట వినిపిస్తే రెండుసార్లు నొక్కు."

తెర మీద ఒక నొక్కు పడింది. రెండోది పడింది.

"నేను నీ చెల్లెల్నా? అవునంటే ఒకటి, కాదంటే రెండు."

రెండు.

ఆమె మంచం పక్కనే నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఈ గదిలో ఎవరెవరు ఏమేం మాట్లాడారో ఒక్కసారిగా మీదపడ్డట్టయింది. చుట్టాలు అతని మంచం పక్కన నిలబడే జాలిపడ్డారు, జోకులేసుకున్నారు. డాక్టరు అతని ముందే, మనిషి లేడన్నాడు. నిన్న తను అన్న మాట గుర్తొచ్చింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"నిన్న మేం మాట్లాడుకున్నది విన్నావా?"

ఒకటి.

ఖాళీ బక్కెట్టుతో గుమ్మంలోకి వచ్చిన మరదలు, నేల మీద వదినను చూసి కంగారుపడింది. "ఏమైంది? పోయారా?"

"లేదే. ఉన్నాడు. లోపలే ఉన్నాడు. అడుగు, నువ్వే అడుగు! అవునంటే ఒక్కసారి బటన్ నొక్కుతాడు."

మరదలు నమ్మలేదు. వదినకు మతి చలించిందనుకుంది. అయినా వంగి, "నేనెవరో తెలుసా?" అని అడిగింది. బటన్ టక్కుమంది. ఆమె అరవలేదు, ఏడవలేదు. గబగబా వెళ్ళి వీధి తలుపు మూసింది. కిటికీ రెక్కలు మూసింది. రోజూ తలుపులు బార్లా తెరిచి అతనికి ఒళ్ళు తుడిచేవారు. దుప్పటి అతని గడ్డం దాకా లాగి కప్పి, అప్పుడు దాని మీద తల పెట్టి భోరుమంది.

సాయంత్రానికల్లా అక్క ఆ చిన్న కంప్యూటరుకే కొత్త ప్రోగ్రామ్ రాసింది. బటన్‌ను చార్జింగు నుంచి తప్పించింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే మెల్లగా మారుతుంటే, కావలసినది వచ్చినప్పుడు అతను నొక్కాలి. ఎన్నో తప్పులు పడ్డాయి. చెరిపారు, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి తెర మీద ఒక్క మాట నిలిచింది.

నన్నడగండి.

ఆడవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఏమడగాలో ఇద్దరికీ తెలుసు. మరదలే అడిగింది.

"యంత్రం ఉంచమంటా..."

ప్రశ్న పూర్తికాకముందే నొక్కాడు. ఒకటి.

మర్నాడు డాక్టరు వచ్చాడు. తన ప్రశ్నలు తను వేశాడు, జవాబులు చూశాడు. వేసుకున్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళకు సైగ చేసి, వరండాలోకి నడవబోయాడు.

"ఇక్కడే చెప్పండి డాక్టరు గారూ," అంది మరదలు, కదలకుండా. "ఆయనతోనే చెప్పండి."

డాక్టరు వెనక్కి వచ్చాడు. స్టూలు లాక్కుని, మైకు మొహానికి ఎదురుగా కూర్చున్నాడు.