పెచ్చు కింద

మా మామయ్య పిస్తోళ్లకు తుప్పు పట్టించి కుటుంబాన్ని పోషించారు. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. తుప్పు వదిలించడం కదమ్మా పని, అంటారు. కాదు, పట్టించడమే. జిడ్డు లేకుండా కడిగిన ఇనుముకి ఘాటైన మందు పూసి, తడి గోనెలు కప్పిన పెట్టెలో ఉంచుతారు. పిండి చల్లినట్టు ఎర్రగా, సన్నగా తుప్పు లేస్తుంది. దాన్ని మరిగే నీళ్ల తొట్టిలో ముంచితే ఎరుపు కాస్తా నలుపవుతుంది. సన్నతీగల బ్రష్షుతో రుద్దితే పైపొడి రాలిపోయి, నలుపు మాత్రం ఇనుమును పట్టుకుని ఉండిపోతుంది. మళ్లీ మందు, మళ్లీ తుప్పు, మళ్లీ తొట్టి. అలా పొర మీద పొర వేసుకుంటూ పోతే చివరికి కాకి రెక్క మీద ఎండ పడ్డట్టు నీలం కలిసిన నలుపు వస్తుంది. ఆ రంగే ఇనుముకి కాపలా.

"ముల్లును ముల్లుతో తీసినట్టమ్మా. తుప్పును తుప్పుతోనే ఆపాలి" అంటారు మామయ్య.

నాకు ఆ రంగు మీద కోపం లేదు. నా భయమంతా తొట్టి గురించే.

అది వెనక వరండాలో, వంటగదికి ఎదురుగా ఉంటుంది. మోకాలెత్తు ఇటుక పొయ్యి, దాని మీద మనిషి కాళ్లు చాపుకునేంత పొడుగు ఇనుప తొట్టి. పొద్దున్న మంట పెడితే సాయంత్రం దాకా నీళ్లు కుతకుతలాడుతూనే ఉంటాయి. మా పాప పాకడం నేర్చింది. ఏ మూల వెతికినా, ఏ బల్ల కింద చూసినా అక్కడే ఉంటుందని మామయ్య దానికి బొద్దింక అని పేరు పెట్టారు. నేను బియ్యం కడుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, నా చెవులు మాత్రం ఆ తొట్టి దగ్గరే ఉండేవి. మా ఆయనతో చెబితే, "నువ్వు చూసుకుంటూ ఉండాలి మరి" అన్నాడు. మామయ్యతో చెబితే పాపం ఆయన పొయ్యికి అడ్డంగా ఒక చెక్క పెట్టారు. బొద్దింక ఆ చెక్కనే పట్టుకుని లేచి నిలబడడం నేర్చుకుంది.

అందుకే మా ఆయన కొత్త పద్ధతి తెచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేను. రంగు డబ్బాలో వస్తుంది. గాలి మిషనుతో పిచికారీ కొట్టి, ఇనుప బీరువాలాంటి ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు. ఆ ఓవెన్‌కి తలుపుంది, తలుపుకి గడియుంది. తలుపున్న నిప్పు. నాకు ఇంకేం కావాలి.

తండ్రీకొడుకులకు మాత్రం అన్నం దగ్గర కూడా అదే గొడవ.

"పెయింటురా అది. బీరువాలకి వేసుకో."

"పెయింటు కాదు నాన్నా. ఉప్పునీళ్లలో నానేసినా చెక్కుచెదరదు. నీ నలుపు రోజూ నూనె గుడ్డతో తుడవకపోతే మళ్లీ ఎర్రబడుతుంది."

"తుడుచుకోవాలి. పసిపిల్లకి రోజూ నూనె రాయట్లా? ఇనుమూ అంతే. ఊరికే కొత్త ఒక వింత."

"పాత ఒక రోత. ఆ రెండో ముక్క కూడా నువ్వే అనెయ్, మళ్లీ నేనన్నానంటావు."

ఈ పంచాయితీ తెంచింది మీసాలాయన. బ్యాంకులకీ నగల కొట్లకీ కాపలా మనుషుల్ని పంపే కంపెనీలో ఆయుధాల గది ఆయన చేతిలో ఉంటుంది. వాళ్ల పిస్తోళ్లన్నిటికీ మళ్లీ పూత వేయించాలి. "మీ ఇద్దరూ నోటితో కొట్టుకోవడం దేనికి?" అన్నాడాయన. పిస్తోలు మీద వెనక్కీ ముందుకీ కదిలే పొడుగాటి ఇనుప ముక్కని స్లైడు అంటారు. పాత స్లైడు చెరొకటి ఇచ్చాడు. "చెరొకటి పూత వేసివ్వండి. ఈ వానాకాలమంతా రెంటి మీదా ఉప్పునీళ్లు కొట్టిస్తాను. తోలు ఒరలో పెట్టి తీయిస్తాను. ఏది నిలబడితే పనంతా దానికే."

"నాది ఓడితే తొట్టి ఎత్తేస్తా" అన్నారు మామయ్య. "నీది ఓడితే ఆ ఓవెన్‌లో రొట్టెలు కాల్చుకో."

నేను గుమ్మంలో ఉండి విన్నాను. ఆ క్షణం నుంచి కొత్త పూత గెలవాలని నేను కోరుకున్నంతగా మా ఆయన కూడా కోరుకుని ఉండడు.

మా ఆయన తన స్లైడుని జోరుగాలితో ఇసుక కొట్టించి, పాత పూత వదిలించి తెచ్చాడు. బూడిద రంగులో, గరుకుగా ఉంది. డబ్బా మీద రాసింది నాకు చదివి చెప్పాడు. "ఇప్పుడు దీన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు చాలు, రంగు పైన నిలబడినట్టే ఉంటుంది, కింద పట్టదు. తీగతో పట్టుకోవాలి. అర్థమైందా?" అర్థమైందన్నాను. మళ్లీ ఇంకోసారి చెప్పాడు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినదాన్ని కదా, నాకు అందరూ ఒకటికి రెండుసార్లు చెబుతారు. కాబట్టి తెలియక చేశానని నేను అనడానికి లేదు.

నేను చాప మీద పాపకి నూనె రాస్తున్నాను. మా ఆయన పక్క గదిలో గాలి మిషను తిప్పుతూ, "ఆ స్లైడు తెచ్చి కొక్కేనికి తగిలించు" అని కేకేశాడు. చేతులు చీర చెంగుకి తుడుచుకుని, తీగ పట్టుకుని స్లైడు ఎత్తాను. అప్పుడు వెనక వరండాలో చెక్క జరిగిన చప్పుడైంది.

చాప మీద పాప లేదు.

స్లైడు పట్టుకునే పరిగెత్తాను. తీగ ఊగి స్లైడు జారింది, కింద పడకుండా పిడికిట పట్టేసుకున్నాను. బొద్దింక ఇటుకల అంచు పట్టుకుని, చెక్కని పక్కకు తోసి, ఒంటి మీద నూనె నిగనిగలాడుతూ నిలబడి ఆవిరికేసి చూస్తోంది. రెండో చేత్తో దాన్ని లాక్కుని గుండెకి హత్తుకున్నాను. దానికి ఏమీ కాలేదు. నన్ను చూసి నవ్వింది కూడా.

నా పిడికిట్లో స్లైడు, దాని మీద నా బొటనవేలు.

వేలు తీసి చూశాను. మరకేమీ కనపడలేదు. చీర పొడిగా ఉన్న చోట తుడిచి, కొక్కేనికి తగిలించాను.

"తగిలించావా?"

"తగిలించాను."

"చేత్తో ముట్టుకోలేదుగా?"

"లేదు."

ఎందుకలా అన్నానో అప్పుడే తెలుసు నాకు. చెబితే మళ్లీ కడిగి, మళ్లీ ఇసుక కొట్టించాలి. పిల్లని చూసుకోవడం రాదా అంటాడు. మామయ్య వింటారు. ఒక్క వేలికేం అవుతుందిలే అనుకున్నాను. మా ఆయన రంగు కొట్టి ఓవెన్‌లో కాల్చాడు. ఆ సాయంత్రమే మీసాలాయన మనిషి వచ్చి రెండు స్లైడులూ పట్టుకెళ్లాడు.

వానలు తగ్గాక మీసాలాయన స్వయంగా వచ్చాడు. కాగితంలో చుట్టిన స్లైడులు రెండూ పని బల్ల మీద పెట్టాడు. నేను పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను.

మామయ్య స్లైడు మీద గాడుల్లో గోధుమరంగు చుక్కలు లేచాయి. ఒర రాసుకున్న అంచులు తెల్లబడ్డాయి. మామయ్య నూనె గుడ్డతో రుద్దారు. చుక్కలు పోయాయి, తెలుపు పోలేదు. మా ఆయన స్లైడు ఆ రోజే ఓవెన్‌లోంచి తీసినట్టుంది. ఒక్క చుక్క లేదు. అంచుల దగ్గర గీత లేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎలా ఉందో గానీ, లోపల మాత్రం అప్పుడే తొట్టి ఖాళీ అయిపోయింది.

మీసాలాయన దాన్ని తిప్పాడు.

వెనక కొసన, పక్కవైపు, చింతగింజంత మేర పెచ్చు లేచిపోయి ఉంది. కింద ఎర్రటి తుప్పు. ఆయన గోరుతో కదిపితే పక్కనే ఇంకో పెచ్చు ఊడి బల్ల మీద పడింది. దాని కింద కూడా తుప్పే.

"మీ నాన్నదానికి ఒళ్లంతా కాస్త జలుబు చేసింది. తుడిస్తే పోయింది" అన్నాడు. "నీదానికి ఒక్కచోటే. కానీ చర్మం కింద పాకింది. కనపడకుండా పాకేదాన్ని నేను మా వాళ్ల నడుముకి ఎలా కట్టను?"

మా ఆయన స్లైడు తీసుకుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది రంగు తప్పు కాదు సార్. పట్టిన చోటంతా చూడండి, గీత లేదు. ఇక్కడ ఎవరో జిడ్డు చేత్తో ముట్టుకున్నారు." తండ్రి వైపు తిరిగాడు. "రోజంతా నూనె గుడ్డ పట్టుకు తిరిగేది ఈ ఇంట్లో ఒక్కరే."

తేలు కుట్టిన దొంగకి నోరుండదంటారు. నేను పాపని ఇంకో చంకకి మార్చుకున్నాను.

మామయ్య స్లైడుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. కళ్లజోడు సర్దుకుని పెచ్చు లేచిన చోటు చూశారు. తన బొటనవేలు దాని పక్కన ఆనించారు. ఆయన వేలు సుత్తిలాంటిది, ఆ మచ్చకి రెండింతలుంది. ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశారు. నా చెయ్యి దానంతటదే పాప గౌను కిందికి దూరింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కథల్లో మాటనుకునేదాన్ని.

మామయ్య కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అయ్యుంటుందిరా. నేనే పట్టుకున్నానేమో. ముసలాణ్ని, ఏది ముట్టుకున్నానో ఏది ముట్టుకోలేదో."

"చూశారా సార్" అన్నాడు మా ఆయన.

మీసాలాయన ఇబ్బందిగా మీసం లాక్కున్నాడు. "అయితే తప్పు చేతిది, రంగుది కాదు. కొత్తదానితోనే పోదాం. కానీ పెద్దాయనా, ఏమనుకోకండి. మా సామాను మీద మీ చెయ్యి పడకూడదు."

"పడదు" అన్నారు మామయ్య.

మీసాలాయన వెళ్లిపోయాక మామయ్య వరండాలోకి వెళ్లి నిప్పులు బయటికి లాగారు. నీళ్లు చల్లారేదాకా కూర్చుని, చెంబుతో తోడి కాలవలో పోశారు. అడుగున నల్లటి మడ్డి మిగిలితే అది కూడా చేత్తో ఎత్తారు. తొట్టిని ఏటవాలుగా గోడకి బోర్లించారు. బొద్దింక పాక్కుంటూ వెళ్లి దాని కింద దూరి, ఇనుము మీద చేత్తో కొట్టుకుంటూ కూర్చుంది. నేను రోజూ కోరుకున్నది అదే, అచ్చంగా అదే, నా కళ్లముందు ఉంది.

నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. మామయ్య తాగి గ్లాసు నా చేతికిచ్చారు.

"ఇక నీకు భయం లేదులేమ్మా. మన బొద్దింక ఎక్కడైనా తిరగొచ్చు."

అందులో ఎత్తిపొడుపేదన్నా ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఎంత వెతికినా దొరకలేదు.

లోపలికెళ్లి నూనె సీసా వంచి బొటనవేలు తడుపుకున్నాను. మా ఆయన కొత్త డబ్బా మూత తీస్తున్నాడు. పక్కన ఇసుక కొట్టిన ముక్క ఒకటి ఉంటే తీసుకుని, దాని మీద వేలు గట్టిగా నొక్కి, పెచ్చు లేచిన స్లైడు పక్కన పెట్టాను.

"ఏయ్, ఏంటది? చెప్పానా లేదా ముట్టుకోవద్దని?"

"చెప్పావు. అప్పుడు కూడా చెప్పావు. ముట్టుకుంది నేను."

వాడి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. వాడు అని రాశాను, కొట్టేయను, ఆ నిమిషంలో వాడు పరీక్ష తప్పిన కుర్రాడిలాగే ఉన్నాడు.

"పాప తొట్టి దగ్గరికి పోయింది. పరిగెత్తాను. చేతిలో ఉండిపోయింది."

"అడిగానుగా. లేదన్నావుగా."

"అన్నాను."

"నాన్న ఒప్పుకున్నాడుగా."

"ఆయన వేలెంతో, ఆ మచ్చెంతో చూడు."

రెండు ముక్కలూ చూశాడు. "ముందే చెబితే మళ్లీ కడిగేవాణ్ని కదే. ఒక పూట పని." స్టూలు మీద కూలబడ్డాడు. "బయటివాడి ముందు మా నాన్నని దొంగని చేశాను."

"నేను వింటూ నిలబడ్డాను."

లేచి ఫోను తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్లి మీసాలాయనకి చేశాడు. అన్నీ వినపడ్డాయి. "కాదండీ, మా నాన్నది కాదు... మా ఇంట్లోనే. అవునండీ, నా భార్య." ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు గొంతు తగ్గించాడు. పరాయి ఆడదాని గురించి చెప్పినా అంతకంటే పెద్దగా చెప్పి ఉండేవాడు.

ఫోను పెట్టేసి తండ్రి దగ్గరికెళ్లాడు. తొట్టి వైపు చూస్తూ, "రెండూ మళ్లీ చేసివ్వమన్నాడు నాన్నా. మొదట్నించీ" అన్నాడు.

"ఈసారి ఓడితే నన్నంటావా?" అన్నారు మామయ్య.

"అనను."

"అను. కానీ ఇంట్లో అను."

నేను బొద్దింకని తొట్టి కిందినుంచి లాగి దాని తండ్రి చేతికిచ్చాను. ఇద్దరూ చూస్తుండగానే తొట్టిని నేనే తిప్పి ఇటుకల మీదికి ఎత్తబోయాను. లేవలేదు. మామయ్య వచ్చి రెండో కొస పట్టుకున్నారు. బిందెలతో నీళ్లు తెచ్చి పోశాను. ఒక్కో బిందె వంచుతుంటే పాత భయం నీళ్లతో పాటే పైకి లేచింది.

"చాలు, ఆ గీత దాకా చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు మామయ్య.

"నేనుంటాను మామయ్యా."

ఆయన పుల్లలు పేర్చారు, తుప్పు లేచేదాకా మంటతో పని లేదు. తన స్లైడుని కడిగి తీగకి గుచ్చి, నూలు చేతితొడుగులు రెండు నా వైపు చాపారు. "ఉంటే ఊరికే ఉండకు. ఇవి వేసుకో, ఇది పట్టుకో, నేను మందు పూస్తా. వదలకు."

తొడుగులు అందుకోవాలంటే చెయ్యి చాపాలి. పాప గౌను కింద దాచిన చెయ్యే అది, బొటనవేలికి నూనె ఇంకా వదల్లేదు. మామయ్య దాన్ని చూసి, భుజం మీది తువ్వాలు కొస అందించారు.

"ముందు తుడుచుకో" అన్నారు.