పాలపిట్ట ఛాతీ రంగు

జూన్‌లో నా భార్య పెర్సిస్ పోయిన రోజున ఆసుపత్రిలో నా కళ్ళజోడు కూడా పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమె గురించి అడుగుతుంటే నేను కళ్ళజోడు గురించి చెప్పేవాణ్ణి. ఎక్కడ పెట్టానో, ఏ బెంచీ కింద వెతికానో, ఫ్రేము ఏ రంగో. పాపం, వాళ్ళు ఓపికగా విన్నారు. మా చర్చిలో ఒకాయన కళ్ళజోడు దొరకాలని ప్రార్థన కూడా చేశాడు.

దొరకలేదు. కొత్తది కొన్నాను. కంటి పరీక్ష వద్దని, పాత నంబరు గుర్తుందని షాపులో చెప్పాను. గుర్తులేదు. అప్పటినుంచి దూరంగా ఉన్నవన్నీ కాస్త కరిగినట్టు కనిపిస్తున్నాయి. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు ఈ సంగతి నాకంటే ముందే కనిపెట్టి లాభపడ్డారు.

ఇలాంటి కళ్ళు పెట్టుకుని ఆ సెప్టెంబరులో నేను పక్షులు చూడటం మొదలుపెట్టాను.

పక్షులు పెర్సిస్ వ్యవహారం. చలికి ముందు ఉత్తరాది దేశాల నుంచి దక్షిణానికి పోయే పక్షులు మేముండే ఖతార్‌లో కాస్త పచ్చగా ఉన్న చోటల్లా దిగుతాయి. సెలవు దొరికితే ఆమె వాటి వెంట పడేది. నాకు కాకికీ కోయిలకీ తేడా అవి అరిస్తే తప్ప తెలియదు.

అంతకు ముందు ఏడాది అక్టోబరులో, అల్ ఖోర్ దగ్గర పశువుల గడ్డి పెంచే తోటలో ఆమె పాలపిట్టను చూసింది. పాలపిట్టల్లో మనది వేరు, యూరప్‌ది వేరు. యూరప్‌ది ఏటా ఈ దారినే పోతుంది, దాన్ని చూశామంటే ఎవరూ తల తిప్పరు. మనది ఇక్కడ అరుదు. యూరప్ దానికి ఛాతీ నీలం, మనదానికి ఎరుపు కలిసిన గోధుమరంగు. "మనదేనండీ, మన దేశపుదే," అని ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పింది. దోహాలో పక్షులు చూసేవాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. ఒక్క మనిషి, ఒక్క క్షణం, ఫొటో లేదు.

సంఘంలో అరుదైన పక్షుల లెక్క చూసేది ఫసీయుద్దీన్. హైదరాబాద్ మనిషి. పరామర్శకు వచ్చి, నా కళ్ళజోడు కథ మధ్యలో చటుక్కున అన్నాడు.

"మాస్టర్ సాబ్, చలికాలం ఉండనీకి వచ్చే పిట్టలు మల్ల అదే జాగకు వస్తయి. ఈసారి అదే తోటల మీకు గూడ కనవడితే, భాభీ చూసింది గూడ లెక్కల ఎక్కిస్త. నా జిమ్మా."

నా నోరు మూయించడానికే అని ఉండొచ్చు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

ఇక్కడ వారపు సెలవు శుక్రవారం, చర్చి కూడా ఆ రోజే. వెళ్ళడం జూన్‌లోనే మానేశాను కాబట్టి తీరికకు కొదవ లేదు. పెర్సిస్ బైనాక్యులర్స్ మెడలో వేసుకుని అల్ ఖోర్ బయలుదేరేవాణ్ణి. దాని కుడివైపు ఒక చిన్న రింగు ఉంటుంది. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళు తిప్పుకోవాలి. అది ఆమె కంటికి తిప్పి ఉంది. నేను ముట్టుకోలేదు. ఎడమ కంటితో చూసుకోవచ్చనుకునేరు, నా ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ అలంకారానికే. కనుక తోటలో నాకు కనిపించిన పక్షులన్నీ ఒకే జాతివి: మసకవి.

ఆ తోటలో నీళ్ళు పట్టే పోశన్నది నిజామాబాద్ వైపు. నేను ఎందుకు వస్తున్నానో చెప్పగానే చేతిలో పైపు కింద పడేశాడు.

"పాలపిట్ట కోసమా? నువ్వు కిరస్తానపోనివి గద సారూ!"

"అయితే ఏం పోశన్నా?"

"ఏం లేదు. మంచిదే. మేం గూడ దసరాకు దాన్నే సూడాలె. ఈ దుబాయికి... గీ ఖతార్‌కు వచ్చినంక ఒక్కసారి సూడలే."

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచిదని వాళ్ళ నమ్మకం. మా కృష్ణా జిల్లాలో నేను ఎరగను. అప్పటినుంచి పోశన్న నాకు సహకరించాడు. ఒకసారి పచ్చపిట్టను చూపించాడు, ఒకసారి తీగకు చిక్కుకున్న నీలం ప్లాస్టిక్ సంచిని చూపించాడు. రెండోదాన్ని నేను చాలాసేపు పరిశీలించాను.

ఆ ఏడు దసరా శుక్రవారమే వచ్చింది. నేను వెళ్ళేసరికి పక్కనున్న కూలీల క్యాంపు నుంచి ఒక వ్యాను నిండా మనుషులు ఉతికిన చొక్కాలతో దిగి ఉన్నారు. "మా సారు పాలపిట్టను పట్టిండు" అని పోశన్న చెప్పాడట. గేటు దగ్గరున్న గాఫ్ చెట్టు మన జమ్మేనని తేల్చుకుని ఆకులు కోశారు. "బంగారం తీస్కో సారూ," అని పోశన్న నా చేతిలో కాసిని ఆకులు పెట్టాడు. దసరా నాడు వాళ్ళకు జమ్మి ఆకే బంగారమట. ఏం చేయాలో తెలియక జేబులో వేసుకున్నాను.

"యల్లా, కానియ్ సారూ, ఏడున్నది?" అన్నాడు వాళ్ళలో గజేందర్ అనే అతను. "డ్యూటీకి వచ్చిందా, అది గూడ సెలవు వెట్టిందా?"

అప్పుడే పోశన్న నా మోచెయ్యి గిల్లాడు. గడ్డి మీద పోయే కరెంటు తీగపై నీలంగా ఒకటి కూర్చుని ఉంది. ఈసారి సంచి కాదు, తల తిప్పుతోంది. వీపు మావైపు ఉంది. నేను బైనాక్యులర్స్ ఎత్తబోయాను. చుట్టూ అందరూ చెప్పులు విప్పారు, చేతులు జోడించారు.

పదిమంది చేతులు జోడించి నిశ్శబ్దంగా నిలబడితే ఏం చేయాలో నాకు పుట్టినప్పటినుంచి ఒకటే నేర్పారు. తల వంచాను. కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి తీగ ఖాళీగా ఉంది.

"గట్ల కండ్లు మూసుకుంటివేంది సారూ!" పోశన్న నెత్తి పట్టుకున్నాడు. "దేవుణ్ణి సూడనీకి వచ్చి కండ్లు మూస్తరా ఎవలన్న?"

"మేం మూస్తాం," అన్నాను.

"ఇటు తిరిగి, రొమ్మిరుసుకొని మరీ సూపిచ్చి పోయింది," అన్నాడు గజేందర్. "సారు ఆమెన్ అనేదాక ఆగుతదా అది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆశగా అడిగాను. "ఛాతీ ఏ రంగు?"

"పాలపిట్ట రంగు," అన్నాడు పోశన్న.

"నీలమా, గోధుమరంగా?"

వాళ్ళు చూసింది దర్శనం కోసం, పరీక్ష కోసం కాదు. చివరికి గజేందర్ తేల్చాడు. "నీకేది గావాలె సారూ? అదే జెప్తం. అందరం జెప్తం."

గోధుమరంగు అని వాళ్ళ నోట అనిపించడం ఎంతో తేలిక. కానీ పెర్సిస్ చూసి చెప్పిన మాట పక్కన రంగు చూడనివాళ్ళ మాట పెట్టడం నాకు మనసొప్పలేదు.

మర్నాడు ఫసీయుద్దీన్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను.

"చూసిన్రా మరి?"

"కనిపించింది."

"మాస్టర్ సాబ్, కమిటీల ఈ రెండిటికి ఫరక్ ఉంటది."

"నా క్లాసులో కూడా ఉంటుంది."

ఆయన నవ్వలేదు. "కండ్లు మూసుకోక ముందు దుర్బీన్ల చూడలేదా?"

"చూసినా లాభం లేదు, మసక. రింగు పెర్సిస్ కంటికి పెట్టి ఉంది."

"తిప్పుకుంటె అయిపాయె గద" అనబోయి సగంలో ఆగిపోయాడు. టీ తెప్పించాడు. గుమ్మం దాకా వచ్చి, మెల్లగా చెప్పాడు. "ఆ పిట్ట యూరప్‌ది అయితే ఈ నెలల్నే పోతది, మనదే అయితే చలికాలం మొత్తం ఆడనే ఉంటది. తొందర లేదు. కానీ మీరు చూడంది నేను ఎక్కియ్యలేను."

కళ్ళు మూసుకుని ఏం ప్రార్థించానో ఆయన అడగలేదు. జూన్ తర్వాత అదే నా మొదటి ప్రార్థన. పక్షి గురించి కాదు.

నవంబరు వచ్చింది. శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాను. తీగ మీద నీలంగా ఒకటి కనిపిస్తూనే ఉంది. పోశన్న దూరం నుంచే "కండ్లు తెరువు సారూ!" అని కేకేస్తాడు. తెరిచే ఉంచుతున్నాను.

రింగు ఇంకా తిప్పలేదు.