రెండు ఓట్ల చేప

మాయాబందర్ జెట్టీలో ఎరుకమ్మ తోక చూసి చేప జాతి చెప్పేస్తుంది. నలభై ఏళ్ళుగా పడవల దగ్గర చేపలు ఏరి గంపలకెత్తిన మనిషి. చేపల యాప్ తయారుచేసే ప్రాజెక్టు వాళ్ళు అందుకే వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతిలో ఒక ట్యాబ్ పెట్టారు. అందులో చేప ఫోటో వస్తుంది. కింద రెండు బొమ్మలుంటాయి, అన్నం పళ్ళెం ఒకటి, పుర్రె ఒకటి. తినే చేపయితే పళ్ళెం నొక్కాలి, విషపుదైతే పుర్రె. చదువు రాకపోతేనేం, నొక్కడం వచ్చు కదా అన్నారు.

అదే ఫోటో, వేరే ఊళ్ళలో ఇలాంటి ట్యాబులే ఉన్న మరో ఇద్దరికి, సిప్పీఘాట్‌లో లోకేష్‌కీ, మిడిల్ పాయింట్‌లో జాహ్నవికీ వెళుతుంది. ముగ్గురిలో ఇద్దరు ఏది నొక్కితే అదే నిజం. యంత్రం దాన్నే నేర్చుకుంటుంది. మూడో మనిషి జవాబును ట్యాబ్ తనంతట తానే కొట్టేసి, ఆ ఇద్దరి జవాబునే అక్కడ పెట్టేస్తుంది. పైగా, ఎవరు ఎన్నిసార్లు మిగతా ఇద్దరితో కలిశారో లెక్కగట్టి మార్కు వేస్తుంది. మార్కు తగ్గినవాళ్ళ ట్యాబ్ వెనక్కి తీసుకుంటారు.

లోకేష్, జాహ్నవి డిగ్రీలు చదివినవాళ్ళు. చేపను కూరలో తప్ప మరెక్కడా చూసిన పాపాన పోలేదు. అయినా ఇద్దరికీ తొంభై ఎనిమిది మార్కులు. ఆ విద్య ఏమిటో జాహ్నవే ఒకసారి నవ్వుతూ బయటపెట్టింది. నొక్కే ముందు ఇద్దరూ ఫోన్లో ఒకరినొకరు అడుగుతారట. ఒకరు తానా అంటే రెండోవారు తందానా. ఎరుకమ్మకు అసహ్యమేసింది. చేప గురించి ఇంకొకరిని అడగడమంటే, తన ముక్కు ఎక్కడుందో పొరుగింటికి వెళ్ళి కనుక్కోవడమే ఆమె దృష్టిలో. ఆమె మార్కు అరవై ఒకటి.

ఆ బుధవారం వచ్చిన ఫోటోలో నున్నటి వెండి ఒళ్ళు, ఎక్కడా పొలుసు లేదు. మొద్దు మూతి, ముందు పలకల్లాంటి నాలుగు పళ్ళు. నీళ్ళలోంచి తీయగానే పొట్ట ఉబ్బిస్తే దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఉబ్బకుండా చచ్చి పడుంటే బజారు చేపలాగే ఉంటుంది. ఎరుకమ్మ పుర్రె నొక్కింది. మాయాబందర్‌లో సిగ్నలు అంతంతమాత్రమే, ఆమె జవాబు చేరేలోపే ఆ ఇద్దరి పళ్ళేలూ చేరిపోయాయి. ట్యాబ్ ఆమె పుర్రెను పళ్ళెం చేసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పళ్ళెమే.

ఆమె తమ్ముడు నూకన్న పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ చేపే తిన్నాడు. పెదాలు మొద్దుబారుతున్నాయని చెప్పిన నోరు సాయంత్రానికి పడిపోయింది. ప్రాజెక్టు చూసే ప్రవీణ్‌కుమార్‌కు ఎరుకమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, అది ఇసం సేప. పళ్ళెం తీయించీ."

"కన్సెన్సస్ అయిపోయింది ఆంటీ. ఇద్దరూ ఒకటే అన్నారంటే మీది గలత్ అని కదా. ఇది మ్యాథ్స్."

"మేత్సు సంగతి నాకు తెల్దు. అది తినే మా నూకన్న సచ్చిపోనాడు."

"ఎమోషనల్ అవ్వకండి ఆంటీ. మీ మార్కు కూడా బాగా తక్కువుంది. శనివారం లాంచింగ్‌కి వస్తాం, ట్యాబ్ రెడీగా పెట్టండి."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న రకం. శనివారం ఆ యాప్ కొత్తగా పడవల్లో పనికి చేరినవాళ్ళ ఫోన్లలో పడుతుంది. ఈ నీళ్ళ చేపలు తెలియని వాళ్ళు ఆ పళ్ళెం బొమ్మను నమ్మి వండుకుంటారు. ఎరుకమ్మకు ట్యాబ్ పోతుందన్న దిగులు లేదు, ఇంకో నూకన్న పోతాడన్నదే భయం.

శనివారం పెద్దాఫీసరు భూషణం వచ్చాడు. వెంట ప్రవీణ్‌కుమార్, లోకేష్, జాహ్నవి. "ఇది ఏ ఒక్కరి మాటా కాదు, అందరి మాట" అంటూ భూషణం అరగంట ఊదరగొట్టాడు. చప్పట్లయ్యాక ఎరుకమ్మ ఒక బేసిను తెచ్చి బల్ల మీద పెట్టింది. పొద్దున్న వలలో పడిన అదే చేప.

"దీన్ని నీ యాప్‌కి సూపించు బాబూ."

ప్రవీణ్‌కుమార్ ఫోటో తీశాడు. పళ్ళెం బొమ్మ. తొంభై ఏడు శాతం నమ్మకం. భూషణం మళ్ళీ చప్పట్లు కొట్టాడు.

"బాగుంది. దీని జోడీని పులుసెట్టీసినాను. కూకోండి" అంటూ ఎరుకమ్మ నాలుగు పళ్ళేల్లో వడ్డించింది. ఎవరైనా చెయ్యి పెడితే లాగి పారేద్దామని పక్కనే నిలబడింది. ఆ అవసరం రాలేదు. జాహ్నవికి శనివారం నియమం గుర్తొచ్చింది. లోకేష్‌కు పొద్దున్న తిన్న పూరీలు అరగలేదట. భూషణానికి డాక్టరు చేపలు మానమన్నాడట. ఇంత చదువూ, ఇంత యంత్రమూ కలిసి ఒక్క ముద్ద ఎత్తలేకపోయాయి.

"ముందు మీరు తినండి ఆంటీ" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"నానెందుకు తింతాను? నాను పుర్రె నొక్కినాను. పళ్ళెం నొక్కినోల్లు తినాల."

భూషణం చెమట తుడుచుకున్నాడు. "మార్చేయవయ్యా."

"నా ఒక్కడి వల్ల కాదు సర్. రెండు ఓట్లు పడాలి."

లోకేష్, జాహ్నవి ట్యాబులు తీసి గబగబా పుర్రెలు నొక్కారు. ఎరుకమ్మ ట్యాబ్ టింగుమంది. జాహ్నవి చదివి వినిపించింది. "అభినందనలు! మీరు మెజారిటీతో ఏకీభవించారు. మీ మార్కు పెరిగింది."

నలభై ఏళ్ళ చేపల మనిషికి నేటితో తెలివొచ్చిందన్నమాట! ఎరుకమ్మ ఆ నలుగురినీ ఎగాదిగా చూసింది.

"బాబూ, నాను పుర్రె నొక్కితే ఈల్లు పళ్ళెం సేసీసినవి ఇంకెన్నున్నాయి?"

ప్రవీణ్‌కుమార్ వెతికి, తలెత్తకుండానే చెప్పాడు. "పదకొండు, ఆంటీ."

ఎరుకమ్మ గరిటె చేతిలోకి తీసుకుంది.

"అయితే లెగకండి. ఇంకా పదకొండు కూరలున్నాయి."