పన్నెండు సూదులు

పదకొండో సూదికి దారం ఎక్కించి, కొసలు సమం చేసి, గోనెగుడ్డ దిండుకు గుచ్చింది చెకింగామె. పన్నెండోది చిన్న కన్ను సూది, రోజూ పేచీ పెడుతుంది. కిటికీ వైపు తిరిగి, ఒక కన్ను మూసి, దారం చివర నాలుకతో తడిపి ఎడమచేత్తో నెమ్మదిగా దూర్చింది. అన్నీ నీలం దారాలే, ఒక్కోటీ మూరెడు. అంతకంటే పొడవు తీస్తే చిక్కుపడుతుంది, తక్కువైతే పెద్దమ్మ మధ్యాహ్నానికే ఖాళీ సూదులు పట్టుకుని దిక్కులు చూస్తుంది.

పెద్దమ్మ అంటే తల్లికి అక్క. తల్లి పోయాక చెకింగామెను పెంచింది ఆవిడే. చూపు మందగించి రెండేళ్ళయింది. వేళ్ళతో తడుముకుంటూ కుట్టగలదు గాని సూదిలో దారం ఎక్కించుకోలేదు. ఈ సంగతి కుట్టు కేంద్రం నడిపే మేడమ్‌కు తెలియదు. తెలియకూడదనే చెకింగామె రోజూ అందరికంటే అరగంట ముందు వచ్చి ఈ దిండు సిద్ధం చేసి, చాప మీద పెద్దమ్మ కూర్చునే చోట పెడుతుంది.

కేంద్రం అంటే పెద్ద రేకుల గది. ఒకప్పుడు ఏదో గోదాము, ఇప్పటికీ వాన పడితే పాత సున్నం వాసన వేస్తుంది. చాప మీద రెండు వరసల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చుని గుడ్డ సంచులకు చేతి పట్టీలు కుడతారు. అందరూ చెత్తగుట్ట వెనక సందు వాళ్ళే. ఆరేళ్ళ క్రితం వరకూ అందరి భుజానా చెత్త ఏరుకునే గోనె, చేతిలో ఇనప కొక్కెం ఉండేవి. మేడమ్ వచ్చి మీకు కుట్టుపని నేర్పిస్తానంటే సందు సందంతా నవ్వింది. మా చేతుల వాసన గుడ్డకు అంటుకుంటే ఎవరు కొంటారమ్మా అని పెద్దమ్మే అడిగింది. అయినా మొదట వెళ్ళింది ఆవిడే. అంతకుముందు చిరిగిన గోనెలు కుట్టుకున్న చెయ్యి గనక, మిగతావాళ్ళకు సూది పట్టుకోవడం ఆవిడే నేర్పింది.

చాలామందికి సంతకం రాదు. అందుకని ఎవరి పని ఎవరిదో తెలియడానికి మేడమ్ తలా ఒక రంగు దారం ఇచ్చింది. పట్టీ లోపల ఆ రంగు ముడి ఉండాలి. ఎరుపు కోసం ముగ్గురు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. అందరూ ఏరుకోగా నీలం మిగిలింది. మిగిలింది నాకు చాలులే అని పెద్దమ్మ తీసుకుంది.

చెకింగామె పని, కుట్టిన సంచిని తిరగేసి, నాలుగు పట్టీ కొసలూ గుంజి చూసి, బాగుంటే చీటీ గుచ్చి కట్టలో పెట్టడం. దానికి ఒక బల్ల, ఒక కుర్చీ ఇచ్చారు. సందులో పుట్టినవాళ్ళలో కుర్చీ ఎక్కిన మొదటి మనిషి ఆమే. మొదటి వారమంతా అంచు మీదే కూర్చుంది, ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు. తర్వాత వెనక్కి ఆనుకోవడం నేర్చుకుంది. ఆ తర్వాత కుర్చీని కొంచెం కిటికీ వైపు జరుపుకోవడం కూడా నేర్చుకుంది. కుర్చీ అలవాటు కావడానికి మనిషికి ఎంతో కాలం పట్టదు.

పెద్దమ్మ కుట్టులో వంకర్లు వచ్చినప్పుడల్లా సాయంత్రం అందరూ వెళ్ళాక చెకింగామె విప్పి మళ్ళీ కుట్టేది, నీలం దారంతోనే. ఎవరికీ చెప్పేది కాదు. చెప్పకపోయినా తెలియని వాళ్ళు లేరు, ఎందుకంటే ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు చూసి కుట్టమని నేర్పింది. అందుకని అందరి కుట్లూ ఒక పక్కకు వాలితే ఆమెవి రెండో పక్కకు వాలతాయి. సూది పట్టిన వాళ్ళకు అది చూడగానే తెలుస్తుంది. మేడమ్ సూది పట్టదు.

నిన్న సాయంత్రం మాత్రం చెకింగామె మనసు పని మీద లేదు. సంచులు కొనే షావుకారు ఇవాళ స్వయంగా వస్తాడని, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలని తొందర. పెద్దమ్మ చివరి సంచి విప్పి, రెండు వరసలు వేయాల్సిన చోట ఒక వరస వేసి, చీటీ కూడా గుచ్చకుండా కట్టలో దూర్చేసి ఇంటికి పరిగెత్తింది.

షావుకారు పదకొండింటికి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, చాప అంచున చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు. కట్ట మధ్యలోంచి ఒక సంచి లాగి, అందులో మంచినీళ్ళ డబ్బా పెట్టి పైకెత్తాడు. పట్టీ పటుక్కున ఊడింది. డబ్బా దొర్లి నీళ్ళు చాప మీద పారాయి. సంచి తిరగేసి చూస్తే నీలం ముడి.

“దీనికి చీటీ కూడా లేదే,” అన్నాడాయన మేడమ్ వైపు చూసి. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, ఇలా అయితే ఆర్డరు ఇవ్వడం కష్టమని నెమ్మదిగానే చెప్పాడు. ఆర్డరు పోతే పద్నాలుగు మందీ మళ్ళీ గోనె భుజాన వేసుకోవాలి. మేడమ్ ముఖం పాలిపోయింది. చెకింగామెను పిలిచి ఇదెలా జరిగిందని అడిగింది.

ఊడిన కొసను చెకింగామె చూసింది. కుట్లు రెండో పక్కకు వాలి ఉన్నాయి. నేనే కుట్టాను మేడమ్ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని ఆమె చెయ్యి కుర్చీ వీపును పట్టుకుని ఉంది.

“నాకు చూపించలేదు మేడమ్. ఆ ముసలావిడ తిన్నగా కట్టలో పెట్టేసినట్టుంది.”

“పెద్దమ్మ” అనలేదు. “ముసలావిడ” అంది. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

పెద్దమ్మ చెయ్యి చాచి సంచి అడిగి తీసుకుంది. బొటనవేలితో కుట్టును ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమింది. ఆ వేలికి అబద్ధం చెప్పడం ఎవరి తరమూ కాదు. చెకింగామె నేలకేసి చూస్తూ నిలబడింది.

“అవునమ్మా, నేనే,” అంది పెద్దమ్మ. “కళ్ళు సరిగా ఆనడం లేదు. చూపిస్తే విప్పమంటారని పెట్టేశాను.”

పక్కన కూర్చున్న ఎరుపు దారం ఆమె ఆ సంచిని తీసుకుని ఒకసారి చూసి, కుట్టు కిందికి వచ్చేలా బోర్లించి పెట్టింది. పద్నాలుగు సూదులూ మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి.

మిగతా సంచులన్నీ గుంజి చూసి, బాగున్నాయని షావుకారు ఆర్డరు ఖాయం చేసి వెళ్ళాడు. పెద్దమ్మను ఇక కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమని మేడమ్ మర్యాదగానే చెప్పింది. పెద్దమ్మ చేతిలో ఉన్న పట్టీ పూర్తి చేసి, ముడి వేసి, దారం పంటితో కొరికి లేచింది. తడిసిన చాప మడత సరిచేసింది. చెకింగామె బల్ల పక్కనుంచే నడిచి వెళ్ళింది గాని ఆగలేదు. ఆగి రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మూడింటికి చెకింగామె ఇక ఉండబట్టలేక మేడమ్ గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మేడమ్ కాగితాల మీద నుంచి తల ఎత్తింది.

“ఆయన ఆర్డరు ఇచ్చేశాడు కదా. ఇప్పుడు మళ్ళీ తవ్వుకోవడం దేనికి? ఎలాగూ ఆవిడకు చూపు లేదు. వెళ్ళి పని చూసుకో.”

ఆ మాట వినగానే గుండె మీది బరువు దిగిపోయింది. అది దిగిపోయినందుకే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది. కుర్చీ దగ్గరికి వెళ్ళి, కూర్చోలేక నిలబడే మిగతా సంచులు చూసింది. చాప మీద నుంచి ఎవరూ ఆమెను దెప్పలేదు. సంచులు మాత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. రోజూ కుర్చీరాణి అని ఆటపట్టించే ఎరుపు దారం ఆమె కూడా అంతే.

సాయంత్రం చెకింగామె దిండు తీసుకుని సందు చివర పెద్దమ్మ గదికి బయల్దేరింది. కాళ్ళ మీద పడాలో, ఎప్పటిలా గడప మీద కూర్చోవాలో దారంతా తేల్చుకోలేకపోయింది. తీరా వెళ్తే తలుపుకు తాళం ఉంది. తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది. ఆరేళ్ళుగా ఇనప కొక్కెం దానికే వేలాడేది. పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా, ఉండనీవే, అన్నం పెట్టింది కదా అనేది పెద్దమ్మ. ఇప్పుడు గోడ మీద తుప్పు మరక ఒక్కటే ఉంది.

ఎదురింటామె నీళ్ళు పట్టుకుంటూ చెప్పింది. దుకాణాల వాళ్ళు అట్టపెట్టెలు బయట పడేసే వేళని, గోనె తీసుకుని వెళ్ళిందట. అటునుంచి అటే పాత సామాన్ల కొట్టు దగ్గర షెడ్డులో ఉంటుందట, ఇక ఇటు రాదట.

“కళ్ళు కనపడకుండా ఏం ఏరతావే అంటే, అట్ట ముట్టుకుంటే తెలుస్తుందిలే అంది.” బిందె పక్కకు జరిపింది. “నీకో మాట చెప్పమంది. రేపట్నుంచి పొద్దున్నే రానక్కర్లేదట, కాసేపు పడుకోమంది.”

చెకింగామె తాళం వేసిన తలుపు ముందు గడప మీద కూర్చుని ఒళ్ళో దిండు పెట్టుకుంది. ఐదు సూదులు ఖాళీగా ఉన్నాయి. మిగతా ఏడింటికీ పొద్దున తను ఎక్కించిన నీలం దారం, ఒక్కోటీ మూరెడు, అలాగే వేలాడుతోంది.