సౌండు పెట్టిన పూట

మా అత్త మునియక్కకు ఒళ్ళంతా పొగరని నా మంట. వెనక నుంచి "అత్తా, కూడు తినిపో" అని గొంతు చించుకున్నా తిరిగి చూడదు. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం టక్కున బదులిస్తుంది. కోడలు ముందుకొచ్చి నిలబడితే గానీ మాట్లాడదా, ఏం మహారాణా? హరూర్ పక్క తూటాలు పెట్టి బండలు పేల్చే క్వారీలో బతుకంతా రాళ్ళు కొట్టి, తానూ రాయైపోయిందని తిట్టుకుంటాను.

ఈమధ్య ఆమెకు నా ఫోన్లో పియానో ఆట పిచ్చి పట్టింది. దుడ్డు కట్టే పనిలేని ఆటే. పైనుంచి జారే నల్ల గడులను, కిందికి దిగిపోకముందే వేలితో తట్టాల. తట్టేకొద్దీ పాట మోగుతుంది. తప్పితే ఆట అయిపోతుంది. నేను కాసేపు కూడా నిలవను. సుత్తి పట్టిన ఆమె వేళ్ళు తప్పనే తప్పవు. మా పాప నిద్ర లేస్తుందని సౌండు తీసేసి ఇచ్చేదాన్ని.

నిన్న పాప అంగన్‌వాడీకి పోయింది. సౌండు నిండుగా పెట్టి ఇచ్చినాను. ఇల్లంతా పాట మోగిపోయింది. ఆట ముగిసినాక ఎదురుగా కూర్చుని, "పాట బాగుందా అత్తా?" అని అడిగినాను.

ఆమె నా పెదాలనే చూసి, "పాటా? దీంట్లో పాట యాడుందే?" అనింది. మళ్ళీ ఆట మొదలుపెట్టింది.

నేను లేచినాను. మెల్లగా ఆమె వెనక్కి పోయి, స్టీలు బిందె ఎత్తి బండ మీద వేసి కొట్టినాను. ఆ మోతకు పక్కింటి తేన్మొళి పరిగెత్తుకొచ్చింది.

అత్త తల ఎత్తలేదు. ఒక్క గడి కూడా తప్పలేదు.