పేరు పక్కన పీబీ

మా నాన్నది పట్టుదల అని ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు. ఒక్క వారం ఆయనతో కాపురం ఉంటే తెలుస్తుంది, అది పట్టుదల కాదు, చాదస్తం. ఎనభై ఏడేళ్ల మనిషి. జగ్గయ్యపేటలో ఏసురత్నం మాస్టారంటే సగం ఊరు ఇప్పటికీ చెవులు తడుముకుంటుంది. పాల ప్యాకెట్టు మీద తేదీ చదవందే కాఫీ పెట్టనివ్వడు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఎన్నికల ఊసెత్తితే చేతికర్రతో నేలమీద రెండుసార్లు కొడతాడు. దేవుడి మాట చెప్పమని పిలిచాం గానీ ఓటు మాట చెప్పమని కాదు అని ఆయన ముందే అంటాడు. తను ఎవరికి ఓటేశాడో మా అమ్మకి కూడా ఏనాడూ చెప్పలేదు. అడిగి అడిగి అమ్మ విసిగిపోయి, చివరికి తెలుసుకోకుండానే పోయింది.

ఓటంటే ఆయనకంత ఇది ఉండటానికి కారణం లేకపోలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ప్రతి ఎన్నికకీ ఆయనకి డ్యూటీ పడేది. ఊరూరా తిరిగి జనం చేత ఓట్లు వేయించి, తన ఓటు మాత్రం కవర్లో పెట్టి పోస్టులో పంపేవాడు. కొన్నిసార్లు ఆ కవరు ఆయన చేతికొచ్చేసరికి ఎన్నికే అయిపోయేది. రిటైరయ్యాకే మొదటిసారి అందరితోపాటు లైన్లో నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఒక్కటి తప్పలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకుని ఉదయం ఏడింటికల్లా బూతు దగ్గరుంటాడు. పదిమంది ముందు నిలబడి, పేరు పిలిస్తే పలికి, వేలు చాపి వేసేదే ఓటని ఆయన లెక్క. ఇంట్లో కూర్చుని ఓటేయడం, ఇంట్లో కూర్చుని పరీక్ష రాయడం ఆయనకి ఒకటే.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా వీధుల ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ పని కూడా నా నెత్తినే ఉంది. పేర్లు చేర్చాలి, పోయినవాళ్లవి తీసేయాలి, ఎన్నికలొస్తే ఇంటింటికీ స్లిప్పులు పంచాలి. పోయిన ఎన్నికలప్పుడు ఎనభై ఐదు దాటినవాళ్లు ఇంట్లోనే ఓటేయొచ్చన్నారు. పన్నెండు డి అనే ఫారం మీద సంతకం పెడితే చాలు, సిబ్బందే పెట్టె పట్టుకుని గుమ్మంలోకొస్తారు. అయితే ఒకసారి ఆ ఫారాన్ని పై ఆఫీసులో ఒప్పుకున్నారంటే జాబితాలో పేరు పక్కన పీబీ, అంటే పోస్టల్ బ్యాలెట్, అని పడుతుంది. ఇంక బూతుకెళ్లి వేయడానికి వీల్లేదు.

అంతకుముందు ఎన్నికల్లో మా బూతులో మిషను మొరాయించి మూడు గంటలు లైను కదల్లేదు. నాన్న గోడకి ఆనుకుని ఉన్నట్టుండి జారిపోయాడు. మొహాన నీళ్లు చల్లితే లేచి, కుర్చీ వేస్తే వద్దని, ఓటేశాకే ఇంటికొచ్చాడు. తర్వాత మూడు రోజులు సెలైను. ఆ మూడు రోజులూ ఆస్పత్రి స్టూలు మీద కూర్చున్నది నేను. అలాంటిది మే నెల ఎండల్లో ఆయన్ని మళ్లీ పంపడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. దానికితోడు, నీ బూతులో ఎన్ని ఫారాలొచ్చాయని ఆఫీసువాళ్లు రోజూ ప్రాణం తీస్తున్నారు. ఆ రెండో సంగతి లేకపోయినా నేను ఆ పని చేసేదాన్నేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటా.

పిల్లల చేత దరఖాస్తు పైనుంచి కిందదాకా బిగ్గరగా చదివించి గానీ సంతకం పెట్టనిచ్చేవాడు కాదు మా నాన్న. తనూ అంతే. కానీ కంటి ఆపరేషనయ్యాక, నేను తెచ్చిన కాగితాల వరకూ చదవడం మానేశాడు. "ఎక్కడమ్మా?" అని అడిగేవాడు. నేను వేలు పెట్టి చూపించేదాన్ని. అక్కడ గుండ్రటి అక్షరాలతో సంతకం చేసేవాడు. ఆ రోజు పెన్షనర్ల హెల్త్‌కార్డు కాగితాలు నాలుగున్నాయి. వాటి మధ్యలో పన్నెండు డి పెట్టా. ఐదుచోట్ల వేలు చూపించా. ఐదు సంతకాలు పెట్టాడు.

ముందు చెబితే చింపేస్తాడు, అంతా అయ్యాక చెబితే కాసేపు అరిచి ఊరుకుంటాడనుకున్నా. ఆ లెక్క తప్పింది. సిబ్బంది మొదటిసారి వచ్చిన రోజున ఆయన ఇంట్లో లేడు. నందిగామలో తనతో పనిచేసిన సైన్సు మాస్టారు పోతే, వద్దన్నా వినకుండా బస్సెక్కి మట్టికి వెళ్లాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన ఉన్నాడు, నేను లేను. స్లిప్పులు పంచడానికి పోయా. సాయంత్రం నేనొచ్చేసరికి నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. ఎవరో పెట్టె పట్టుకుని వచ్చారట. తానేమీ దరఖాస్తు పెట్టలేదనీ, బూతుకే వచ్చి వేస్తాననీ చెప్పి, మజ్జిగిచ్చి పంపించాడట.

"నీ లిస్టులో ఏదో పొరపాటు పడినట్టుంది. ఒకసారి సరిచూసుకో అమ్మా," అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అన్నం పెడతా లే నాన్నా అన్నా.

మర్నాడు ఆఫీసుకెళ్లి బతిమాలా. రెండుసార్లు వెళ్లారు, మూడోసారి ఉండదు, పేరు పక్కన పడ్డది తీయడం ఎవరి చేతిలోనూ లేదన్నారు. అంటే ఆయన ఓటు ఇంట్లోనూ పోయింది, బూతులోనూ పోయింది. మళ్లీ ఎన్నికలొచ్చేది అయిదేళ్లకి. అప్పటికి ఆయనకి తొంభై రెండు.

పోలింగు ముందురోజు ఆదివారం. చర్చి నుంచి రాగానే నాన్న పంచె ఇస్త్రీ చేయించుకొచ్చి కుర్చీ మీద ఆరేశాడు. ఇస్త్రీ పంచె చూస్తే ఆయనకి పాత డ్యూటీలు గుర్తుకొస్తాయి. డ్యూటీలు గుర్తుకొస్తే ప్రేమానందం మావయ్య సంగతి వస్తుంది. ప్రేమానందం మా అమ్మ అన్నయ్య. నందిగామ అవతల ఒక పల్లెలో కూలిపని చేసేవాడు. ఎనభై ఐదు ఎన్నికల్లో నాన్నకి సరిగ్గా ఆ పల్లె బూతులోనే ఆఫీసరు డ్యూటీ పడింది. మావయ్య మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడి లోపలికొస్తే జాబితాలో పేరు లేదు. మిరపకోతలకి వలస పోయిన నెలల్లో ఊరు వదిలిపోయాడని ఎవరో పేరు కొట్టేశారు. ఏజెంట్లందరూ ఎరిగినవాడే అన్నారు, ఊరంతా పూచీ పడింది. నాన్న వెనక్కి పంపించేశాడు. సొంత బావమరిదిని. ఆ తర్వాత మావయ్య మా గడప తొక్కలేదు. చెల్లెల్ని చూడటానిక్కూడా రాకుండానే పోయాడు.

"తప్పు చేశానని అనుకోను. బాధ లేదనీ అనను," అన్నాడు ఆ సాయంత్రం, పంచె అంచు సరిచేస్తూ. "కాగితంలో లేనివాణ్ణి మనవాడని వెయ్యనిస్తే, రేపు ఇంకొకడు వాడి మనిషిని వెయ్యనిస్తాడు."

అలాంటి మనిషికి నేనేం చెప్పేది? వంటింట్లోకి పోయి, గిన్నెల మీద నా కోపం చూపించా. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

సోమవారం పొద్దున బడి గేటు పక్కన టెంటు కింద నా టేబులు. జాబితా ముందు పెట్టుకుని, వచ్చినవాళ్లకి వరస నంబర్లు చూసి చెబుతున్నా. ఏడు కొట్టకముందే నాన్న ఆటో దిగాడు. లైన్లో వెళ్లి నిలబడ్డాడు. పెద్దాయనా ముందుకి రండి అని జనం జరిగితే, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంక ఆగలేక నేను లేచి దగ్గరికి వెళ్లా.

"నాన్నా, ఒక్క మాట."

"డ్యూటీలో ఉన్నావు. లైన్లో ఉన్నవాళ్లతో మాటలేంటి? వెళ్లి కూర్చో," అన్నాడు మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

వెళ్లి కూర్చున్నా. యాభై రెండేళ్లొచ్చినా ఆయన కూర్చోమంటే కూర్చుంటా, అదీ నా బతుకు. ఆయన గుమ్మం దాటాక మాత్రం కాళ్లు నిలవలేదు. పోయి తలుపు దగ్గర నిలబడ్డా.

లోపల మొదటి ఆఫీసరు నంబరూ పేరూ చదివాడు. నాన్న బడిపిల్లాడిలా పలికాడు. ఆఫీసరు జాబితా మీదికి వంగి, మళ్లీ చూసి, ఈయనకి పీబీ ఉందండి అన్నాడు. ప్రిసైడింగ్ ఆఫీసరు లేచి వచ్చింది. భారతీదేవి అని మైలవరం నుంచి వచ్చిన లెక్చరరు, నెమ్మదైన మనిషి. ఇంట్లో ఓటు అడిగినవాళ్లకి ఇక్కడ ఉండదండీ అని విడమరిచి చెప్పింది. నాన్న నవ్వి, ఎక్కడో పొరపాటు పడిందన్నాడు.

ఏజెంట్ల బెంచీ మీదనుంచి కొండలరావు లేచాడు. నాన్న దగ్గర చదువుకున్నవాడే. ఆయన మాకు పాఠం చెప్పిన మాస్టారండీ, వెయ్యనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు అన్నాడు. అవతలి పార్టీ ఏజెంటు కూడా తలూపాడు. పొద్దున్నుంచీ ఆ ఇద్దరికీ బెంచీ మీద చోటు దగ్గర కూడా పొత్తు కుదరలేదు.

భారతీదేవి నాన్న వైపు తిరిగింది.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతానండి. ఫారం మీద మీరు సంతకం పెట్టారా? పెట్టలేదంటే చెప్పండి. రాసుకుని ఇప్పుడే పైకి ఫోన్ చేస్తాను. మీ పేరున ఎవరు పెట్టారో పైవాళ్లే తేలుస్తారు."

లేదు అనడానికి నాన్న నోరు తెరిచాడు. నాకు కనపడింది. అప్పుడు తల తిప్పి, తలుపు దగ్గర నన్ను చూశాడు.

నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు. ఆయన మొహం మాత్రం నాకు కనపడింది. హెల్త్‌కార్డు కాగితాలు, ఐదుచోట్ల నా వేలు, అన్నీ ఒక్కొక్కటే ఆయనకి గుర్తొస్తున్నాయి. చేతికర్ర మీద ఆయన పట్టు బిగిసింది. లోపలికి పరిగెత్తి నేనే పెట్టించానని అరుద్దామనుకున్నా. అరిస్తే ఉద్యోగం పోతుంది. తలుపు దగ్గరే ఉండిపోయా. ఈ ఒక్క మాట రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది.

"పెట్టానండి," అన్నాడు నాన్న. "సంతకం నాదే. ఇంటికొచ్చినవాళ్లని పంపించేసిందీ నేనే."

కొండలరావు ఇంకా ఏదో అనబోయాడు. ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదురా అని నాన్న ఆపాడు. తర్వాత, ఎవరితో అన్నట్టూ కాకుండా, "ప్రేమానందాన్ని వెనక్కి పంపించా నేను," అన్నాడు. ఆ గదిలో ఆ మాట నాకొక్కదానికే అర్థమైంది. భారతీదేవికి నమస్కారం పెట్టి, వచ్చిన దారినే బయటికొచ్చాడు.

నా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు. తిడతాడనుకున్నా. అందరి ముందూ తిట్టినా బాగుండేది.

"టేబులు దగ్గరికి వెళ్లు. జనం ఎదురుచూస్తున్నారు," అన్నాడు.

ఆ సాయంత్రం పెట్టెలు సర్దించి నేను ఇంటికెళ్లేసరికి పంచె మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. నేను కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చా. సెలైను సంగతి, ఆఫీసువాళ్ల సతాయింపు, అన్నీ చెప్పా. అంతా విని, "నేను చదవాల్సింది," అన్నాడు. అంతే. ఆ రోజు ఆయన కట్టుబడింది రూలుకో, నా ఉద్యోగానికో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

తర్వాతి ఆదివారం చర్చి ముందు అందరూ వేళ్ల మీద సిరా ఎంత పోయిందో చూపించుకుంటున్నారు. నాన్న ఎడమచెయ్యి బైబిలు కింద పెట్టుకుని నిలబడ్డాడు. మాస్టారూ వేశారా అని ఒకరడిగితే, ఈసారి కుదరలేదన్నాడు. ఎండ కదా, మంచి పని చేశారు అన్నారు వాళ్లు. నేననుకున్న మాటే వాళ్లూ అన్నారు. వింటుంటే ఒళ్లు మండింది.

మాటల్లో ఆయనకి నాతో తేడా ఏమీ రాలేదు. కాఫీ అడుగుతాడు, కూరలో ఉప్పు తగ్గిందంటాడు, పాల ప్యాకెట్టు తేదీ చూస్తాడు. పోయిన నెల గ్యాసువాళ్ల కాగితం ఒకటి సంతకానికి ఇచ్చా. అలవాటుగా నా వేలు ముందే దాని మీదికి పోయింది. ఎక్కడమ్మా అని ఆయన అడగలేదు. కళ్లజోడు తెమ్మన్నాడు. తెచ్చిచ్చా. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముందువైపూ చదివాడు, వెనకవైపు సన్న అక్షరాలూ చదివాడు. నేను పక్కనే నిలబడ్డా. అంతా అయ్యాక సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చాడు.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాడు.