తెరచాప కొయ్యకి మూడు రేకులు

అరవై ఎనిమిది జనవరిలో ఒక పొద్దున్న, కళింగపట్నం నుంచి మూడు మైళ్ళ దూరంలో నా పడవ ఉండగా, మంచులోంచి ఓ స్టీమరు గోడలా వచ్చి పక్కనించే పోయింది. మధ్యన ఇరవై గజాలు కూడా లేవు. అరిచాను. గంట కొట్టాను. దాని మీద ఒక్క తలకాయ కూడా ఇటు తిరగలేదు. చచ్చిపోతానన్న భయం అరగంటలో పోయింది గానీ, నన్ను తొక్కేసినా వాళ్ళకి తెలిసేది కాదన్న కోపం మాత్రం పోలేదు.

నా పేరు ఉమాపతి. రేవు కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నా భార్య భాగ్యవతి అంతకు ముందే పోయింది. పిల్లల్లేరు. దేశం వదిలిపోతూ ఒక దొర అమ్మిన తెరచాప పడవ ఉంది. ఆయన దాన్ని యాట్ అనేవాడు. ఊళ్ళో అందరికీ అది దొర పడవే.

ఒంటి బ్రాహ్మడు ఎదురైతే ఆ రోజు చేపల వేట సాగదని మా ఊరి వేటగాళ్ళ నమ్మకం. తెల్లారగట్ల నేను ఇసకలో అడుగు పెడితే చాలు, వలలు దించేసి, కూలబడి చుట్టలు ముట్టిస్తారు. నేను దాటాక లేస్తారు. అందులో తిట్టూ లేదు, మర్యాద తక్కువా లేదు. అందుకే మరీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళలో గంగులు ఓసారి నచ్చజెప్పబోయాడు. "బాబూ, ఒక్కలూ రాకండి. ఇంకో మడిసిని ఎంటెట్టుకుని రండి. ఇద్దరైతే దోసం నేదు."

"రెండో మనిషిని ఎక్కణ్ణించి తేనురా?" అన్నాను.

పెద్ద ఓడల్లో రాడార్ ఉంటుందనీ, చెక్క పడవ దానికి సరిగ్గా ఆనదనీ రేవులో పనిచేసిన నాకు తెలుసు. పైన ఏదైనా లోహం కట్టాలి. నాకు తెలిసిన లోహం వంటింట్లో ఉంది. మడినీళ్ళ ఇత్తడి బిందెని చింతపండుతో తళతళా తోమి తెరచాప కొయ్య మీదికి ఎక్కించాను. విశాఖపట్నం రేవులో ఉన్న పాత స్నేహితుడు గణపతిరావుకి గొప్పగా ఉత్తరం కూడా రాశాను.

వారంలో కార్డు వచ్చింది. "ఒరే పిచ్చివాడా, రాడారుకి తళుకుతో పని లేదు. గుండ్రటి బిందె రాడారు పంపిన తరంగాలన్నీ చుట్టూ చిమ్మేస్తుంది. వచ్చిన దారినే వాటిని తిప్పి పంపాలంటే మూలలు కావాలి. మూడు అల్యూమినియం రేకులు ఒకదానికొకటి మూలమట్టంగా బిగించు. ఒక మూల ఆకాశంకేసి దోసిలి పట్టినట్టుండాలి."

రేకులు శ్రీకాకుళంలో కొన్నాను. రేకుల పని చేసే అప్పలసూరి, "సెయ్యి తెగుతాది బాబూ" అని అంచులూ మూలలూ అన్నీ నున్నగా గుండ్రం తిప్పేశాడు. మళ్ళీ కొత్త రేకులు తెచ్చి, ప్రతి మూలా మట్టం పెట్టి చూస్తూ రెండు రోజులు అతని ప్రాణం తీశాను. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నాకు హాయిగా ఉంది. ఎవరో ఒకరితో పోట్లాడుతున్నాను కదా.

దాన్ని ఎక్కించడం ఇద్దరి పని. ఒకరు కప్పీ తాడు లాగాలి, ఒకరు దూరంగా నిలబడి దోసిలి పైకే ఉందో లేదో చూడాలి. నేనే తాడు లాగి, ముడి వేసి, ఇసకలోకి పరిగెత్తి చూసి, మళ్ళీ వచ్చి దించాను. అలా పదకొండుసార్లు. పన్నెండోసారికి గంగులు వచ్చి తాడు అందుకున్నాడు. మధ్యాహ్నం, వేట అయిపోయింది కనక దోషం లేదు.

"కాకి గూడెట్టుకుంటాది బాబూ," అన్నాడు పైకి చూసి. నవ్వాను. ఏళ్ళయింది ఆ ఇసక మీద నేను నవ్వి.

పై ఏడు మళ్ళీ మంచు పట్టింది. నడిసముద్రంలో ఒక్కణ్ణే ఉన్నాను. ఇంజను చప్పుడు తిన్నగా నా మీదికే వస్తోంది. చప్పుడు ఇంకాస్త పెరిగి, మెల్లిగా ఎడమకి జరిగింది. మంచు విడినప్పుడు చూశాను. అర మైలు అవతల ఓడ ముక్కు పక్కకి తిప్పుకుని చుట్టూ తిరిగి పోతోంది. వాళ్ళకి నేను ఆనాను.

"ఆనానే, భాగ్యం," అన్నాను పైకే, పోయిన నా భార్య పక్కనే ఉన్నట్టు. రేకులు పనిచేశాయి, ప్రాణం దక్కింది. నేను కోరుకున్నదీ ఇదే. కానీ కనిపించినవాణ్ణి చూసి ఓడ చేసేది ఇంతే, తప్పుకుపోవడం. అది అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తరవాత చుక్కాని తిప్పి, ఇంజను చప్పుడు వినిపించినంత దూరం ఆ ఓడ వెనకాలే వెళ్ళాను.